మెట్స్ 1986: కార్డు నిరుటిది, ఆట ఈరోజుది

1986లో టాప్స్ కంపెనీ అమ్మిన బేస్‌బాల్ కార్డుల్లో బాబ్ ఒహీడా బోస్టన్ రెడ్ సాక్స్ పిచర్ (బ్యాటర్‌కి బంతి వేసేవాడు), కాల్విన్ షిరాల్డి న్యూయార్క్ మెట్స్ పిచర్. అదే ఏడాది అక్టోబర్‌లో ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌కి వచ్చింది కూడా ఈ రెండు జట్లే. కానీ అప్పటికి ఒహీడా మెట్స్ తరఫున బంతి వేస్తున్నాడు, షిరాల్డి బోస్టన్ తరఫున వేసి చివరి రెండు మ్యాచ్‌లూ తన ఖాతాలోనే ఓటమిగా రాయించుకున్నాడు (బేస్‌బాల్‌లో ప్రతి మ్యాచ్ గెలుపునీ ఓటమినీ ఒక్కో పిచర్ పేరున రాస్తారు). కార్డుల్లో అచ్చుతప్పేమీ లేదు. 1985 నవంబర్‌లో రెండు జట్లూ నలుగురేసి ఆటగాళ్లని మార్చుకున్నాయి, అందులో వీళ్లిద్దరూ ఉన్నారు, అప్పటికే కార్డుల పని మొదలైపోయింది.

బేస్‌బాల్ సీజన్‌ని కార్డులతో కలిపి చూడాలనుకునేవాళ్లు ముందు ఒప్పుకోవాల్సిన సంగతి ఇదే. కార్డు మీద ఈ ఏటి అంకె ఉంటుంది గానీ, దాని వెనక ఉండేది నిరుటి కథ. ముందువైపు బొమ్మ కూడా చాలాసార్లు నిరుడు తీసిందే. మైదానంలో ఆట మాత్రం ఈరోజుది. ఈ రెంటి మధ్య ఏడాది తేడాని లోపంగా చూస్తే కార్డులు వట్టి బొమ్మలైపోతాయి. ఆ తేడాలోనే జట్టు ఎలా మారిందో చదవొచ్చు అనుకుంటే మాత్రం అవి చాలా చెబుతాయి. అందుకు 1986 మెట్స్‌ని మించిన జట్టు దొరకడం కష్టం.

తేడా ఎందుకు వస్తుందంటే, అది అచ్చువేసే పద్ధతిలోనే ఉంది. టాప్స్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టిన చూయింగ్ గమ్ కంపెనీ, కార్డులు మొదట్లో గమ్ అమ్ముకోడానికి ఆకర్షణగా వచ్చినవే. 1952లో సై బెర్గర్ అనే ఉద్యోగి పూనుకుని పెద్ద సైజు కార్డు తయారుచేశాడు: ముందు రంగుల బొమ్మ, జట్టు గుర్తు, వెనక నిరుటి లెక్కలు, మొత్తం కెరీర్ లెక్కలు. ఇప్పటికీ కార్డు అంటే దాదాపు అదే అచ్చు. ఆ రోజుల్లో సెట్ మొత్తం ఒకేసారి వచ్చేది కాదు, సీజన్ నడుస్తుండగా విడతలు విడతలుగా వదిలేవాళ్లు, వేసవి చివరికొచ్చేసరికి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదకి మళ్లేది, దాంతో చివరి విడత కార్డులు తక్కువ అమ్ముడయ్యేవి. 1952 మిక్కీ మాంటిల్ కార్డు అలాంటి చివరి విడతదే. అమ్ముడుపోని పెట్టెల్ని కొన్నేళ్ల తర్వాత బెర్గర్ స్వయంగా పడవలో తీసుకెళ్లి న్యూజెర్సీ తీరాన సముద్రంలో పారబోయించాడు, 2022లో మాంటిల్ కార్డు ఒకటి వేలంలో 1.26 కోట్ల డాలర్లకి పోయింది. ఆ ధర సంగతి అలా ఉంచితే, విడతల పద్ధతిలో ఒక మంచి ఉండేది: కార్డులు కూడా సీజన్‌తో పాటు నడిచేవి. 1974 నుంచి టాప్స్ మొత్తం సెట్‌ని ఒకేసారి, సీజన్ మొదలవకముందే వదలడం మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి కార్డు పూర్తిగా నిరుటిదైపోయింది.

దీనికి విరుగుడుగా వచ్చిందే ట్రేడెడ్ సెట్. 1981 నుంచి ఏటా సీజన్ చివర్లో టాప్స్ ఒక చిన్న పెట్టె తెచ్చేది. అందులో 132 కార్డులు, ఆ ఏడాది జట్టు మారినవాళ్లు, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు, కొత్త మేనేజర్లు (మైదానంలో జట్టుని నడిపించే కోచ్‌లు). ప్యాకెట్లలో దొరికేవి కావు, కార్డుల షాపుకి వెళ్లి పెట్టె పెట్టెగా కొనాలి. అదే 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు కూడా బజారులోకి వచ్చాయి, అప్పటిదాకా టాప్స్‌దే గుత్తాధిపత్యం. కోర్టు గొడవల్లో చివరికి తేలిందేమిటంటే కార్డులు ఎవరైనా అమ్మొచ్చు, గమ్‌తో కలిపి అమ్మే హక్కు మాత్రం టాప్స్‌కే. అందుకే ఫ్లీర్ ప్యాకెట్లలో జట్ల స్టిక్కర్లు, డాన్‌రస్ ప్యాకెట్లలో బొమ్మ పజిల్ ముక్కలు వచ్చేవి.

మెట్స్ కథకి ఆ ట్రేడెడ్ పెట్టెలే అసలు దారి. 1983లో ఈ జట్టు 68 గెలిచి 94 ఓడింది, అట్టడుగున ఉంది. కానీ ఆ ఏటి ట్రేడెడ్ పెట్టెలో రెండు మెట్స్ కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి కీత్ హెర్నాండెజ్, జూన్ 15న సెయింట్ లూయిస్ నుంచి వచ్చాడు, మామూలు 1983 సెట్‌లో ఇంకా కార్డినల్స్ యూనిఫాంలోనే ఉన్నాడు. రెండోది డారిల్ స్ట్రాబెర్రీ, ఆ ఏడాది 26 హోమ్ రన్లు (క్రికెట్లో సిక్సర్ లాంటివి) కొట్టి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి తీసుకున్నాడు. 1984 పెట్టెలో డ్వైట్ గుడెన్, రాన్ డార్లింగ్ అనే ఇద్దరు పిచర్లు. 1985 పెట్టెలో మాంట్రియల్ నుంచి వచ్చిన క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) గ్యారీ కార్టర్, డెట్రాయిట్ నుంచి వచ్చిన హొవార్డ్ జాన్సన్, ఆట మధ్యలో వచ్చి వేసే కొత్త రిలీఫ్ పిచర్ రోజర్ మెక్‌డోవెల్. 1986 పెట్టెలో ఒహీడా, కొత్త కుర్రాడు కెవిన్ మిచెల్. జనరల్ మేనేజర్ ఫ్రాంక్ క్యాషెన్ జట్టుని ఎలా కట్టాడో చెప్పే పుస్తకాలు ఎన్నో ఉంటాయి, అయినా ఈ నాలుగు పెట్టెల్లోంచి మెట్స్ కార్డులు ఏరి వరసగా పేర్చితే ఇటుక మీద ఇటుక పెట్టినట్టు కళ్లెదుట కనిపిస్తుంది. గెలుపోటములు కూడా ఆ వరసలోనే మారాయి: 1984లో 90 విజయాలు, 1985లో 98. అయినా 1985లో కార్డినల్స్ కన్నా మూడు మ్యాచ్‌ల వెనకబడి రెండో స్థానంలో ఆగిపోయారు. అప్పటి పద్ధతిలో డివిజన్‌లో రెండో స్థానమంటే ఇంటికే. 98 గెలిచినా అక్టోబర్‌లో జరిగే చివరి పోటీలు లేవు.

కాబట్టి 1986 ప్యాకెట్లలో వచ్చిన మెట్స్ కార్డులన్నిటి వెనకా ఉన్నది ఆ తృటిలో తప్పిన ఏడాదే. వాటిలో గుడెన్ కార్డు దగ్గర కాసేపు ఆగాలి.

1985 వరసలో అతని లెక్క ఇది: 24 గెలుపులు, 4 ఓటములు, 268 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని ఔట్ చేయడం), ఈఆర్‌ఏ 1.53. ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఆ పిచర్ ఇచ్చిన పరుగులు, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేసి. మూడుంటే బాగున్నట్టు. 1.53 అంటే ఆ కాలంలో ఎవరూ ఊహించనిది. అతనికి అప్పుడు ఇరవై ఏళ్లు. అదే 1986 సెట్‌లో గుడెన్‌కి ఇంకో కార్డు కూడా ఉంది, అతి చిన్న వయసులో ఇరవై విజయాలు సాధించిన పిచర్‌గా రికార్డు బద్దలు కొట్టినందుకు. ఈ కార్డు చేతిలో పెట్టుకుని ఏప్రిల్‌లో ఆట చూడ్డం మొదలుపెట్టిన అభిమాని గుడెన్‌ని దేనితో పోల్చుకుంటాడు? ఆ 1.53తోనే. మెట్స్ సొంత మైదానం షియా స్టేడియంలో పై అంతస్తులో ‘కే కార్నర్’ అని ఒక మూల ఉండేది, గుడెన్ ఒక్కొక్కరిని స్ట్రైకౌట్ చేసినప్పుడల్లా అభిమానులు అక్కడ రెయిలింగ్‌కి స్ట్రైకౌట్ గుర్తైన ‘కె’ అక్షరం అట్టలు కట్టేవాళ్లు. 1986లో ఆ అట్టలు తగ్గాయి. ఆ సీజన్ మొత్తానికి 17 గెలుపులు, 6 ఓటములు, 2.84 ఈఆర్‌ఏ, సరిగ్గా 200 స్ట్రైకౌట్లు. ఏ పిచర్‌కైనా గర్వపడాల్సిన లెక్క ఇది, కానీ ఆ ఏడాదంతా న్యూయార్క్‌లో జనం అడిగిన ప్రశ్న గుడెన్‌కి ఏమైంది అని. ఒక్కో ఆట చూస్తే పెద్దగా ఏమీ తెలియదు, ఒకరోజు బాగా వేస్తాడు, ఇంకోరోజు కొంచెం తగ్గుతాడు. కానీ 1987 కార్డు వెనక స్ట్రైకౌట్ల గడి మీద వేలు పెట్టి కిందికి దించితే 276, 268, 200 అని వరసగా కనిపిస్తుంది. ఏ ఒక్క మ్యాచూ చెప్పని సంగతి ఆ మూడంకెలు చెబుతాయి. కార్డు నిరుటిది కావడం వల్ల కలిగే ఉపయోగం ఇక్కడ ఉంది, అది ఏడాదిని కుదించి ఒక్క గీతలో పెడుతుంది, ఆ గీత మీద గీత పేరిస్తే మనిషి ఎటు వెళ్తున్నాడో తెలుస్తుంది.

అయితే ఆ ఒక్క గీతలో పట్టనిది చాలా ఉంది, అందుకే ఆటలు కూడా చూడాలి. బేస్‌బాల్ సీజన్ 162 మ్యాచ్‌లు, అప్పట్లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా దాదాపు రోజూ ఆటే. ఐపీఎల్ లీగ్ దశలో ఒక జట్టు ఆడేది 14, అక్కడ ఒక్క ఓటమికే ఊరంతా టెన్షన్. బేస్‌బాల్‌లో ఛాంపియన్ జట్టు కూడా యాభై అరవై మ్యాచ్‌లు ఓడుతుంది, అభిమాని దాన్ని మోస్తూనే మర్నాడు మళ్లీ రేడియో పెట్టుకుంటాడు. 1986 మెట్స్ మొదటి ఐదింటిలో మూడు ఓడిపోయారు. ఆ తర్వాత వరసగా పదకొండు గెలిచారు, మే రెండో వారానికి 20 గెలుపులు, 4 ఓటములు. ఆ పదకొండులో నాలుగు ఏప్రిల్ నెలాఖరున సెయింట్ లూయిస్‌లో, నిరుడు తమని దాటిపోయిన కార్డినల్స్ సొంత మైదానంలో, నాలుగుకి నాలుగు. సీజన్ అక్కడే తేలిపోయిందని అప్పుడు చూసినవాళ్లలో చాలామంది అంటారు, లెక్కలు కూడా అదే చెబుతున్నాయి, చివరికి రెండో స్థానంలో ఉన్న ఫిలడెల్ఫియా కన్నా ఇరవై ఒకటిన్నర మ్యాచ్‌ల ముందు నిలిచారు.

అంత తేలిగ్గా గెలిచిన సీజన్‌లో గుర్తుండే రోజులేముంటాయి అనుకోవచ్చు. జూలై 22, సిన్సినాటి. మామూలుగా చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్ (మూడో ఔట్‌తో ఇన్నింగ్స్ అయిపోతుంది), మెట్స్ 3-1తో వెనకబడి ఉన్నారు. హెర్నాండెజ్ కొట్టిన తేలిక క్యాచ్‌ని సిన్సినాటి ఫీల్డర్ డేవ్ పార్కర్ వదిలేశాడు, స్కోరు సమం. పదో ఇన్నింగ్స్‌లో మూడో బేస్ దగ్గర సిన్సినాటి ఆటగాడు ఎరిక్ డేవిస్‌కీ మెట్స్ ఆటగాడు రే నైట్‌కీ మాటా మాటా పెరిగి కొట్టుకున్నారు, రెండు జట్లూ మైదానంలోకి దూకాయి, అంపైర్లు కొందరిని బయటికి పంపేశారు. మెట్స్‌కి ఆటగాళ్లు చాలలేదు. మేనేజర్ డేవీ జాన్సన్ అప్పుడు క్యాచర్ కార్టర్‌ని మూడో బేస్‌లో నిలబెట్టాడు, ఇద్దరు పిచర్లు జెస్సీ ఒరోస్కో, మెక్‌డోవెల్ ఒకరు బంతి వేస్తుంటే ఇంకొకరు ఔట్‌ఫీల్డ్‌లో కాపలా, ఎదురు బ్యాటర్ ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా అన్నదాన్ని బట్టి ఇద్దరూ చోట్లు మార్చుకుంటూ ఆడారు. పద్నాలుగో ఇన్నింగ్స్‌లో హొవార్డ్ జాన్సన్ మూడు పరుగుల హోమ్ రన్, 6-3. ఆ రాత్రి గురించి ఏ కార్డు వెనకా ఒక్క అక్షరం ఉండదు, కార్టర్ లెక్కల్లో అదొక మామూలు మ్యాచ్. ఇలాంటి రోజు కోసమే అభిమానులు స్కోర్‌కార్డు మీద పెన్సిల్‌తో బంతి బంతికీ గుర్తులు పెట్టుకునేది. మర్నాడు పేపర్లో బాక్స్ స్కోర్ చూసుకునేది కూడా అందుకే.

సెప్టెంబర్ 17న షియాలో షికాగో కబ్స్ మీద గెలిచి డివిజన్ ఖాయం చేసుకున్నారు, చివరి దాకా బంతి వేసింది గుడెనే. జనం మైదానంలోకి దూకి గడ్డి పెళ్లగించుకుని ఇళ్లకి పట్టుకుపోయారు. ఆ షియా స్టేడియం క్వీన్స్‌లో, ఫ్లషింగ్ పక్కన ఉండేది. తిరుమల తిరుపతి దేవస్థానాల సాయంతో కట్టి 1977లో ప్రతిష్ఠ చేసిన గణపతి గుడి ఉన్నది కూడా ఆ ఫ్లషింగ్‌లోనే, అమెరికా వెళ్లిన మన పాతతరం వాళ్లకి బాగా తెలిసిన చోటు. ఆ వీధుల్లో అప్పుడు పెరిగిన మన పిల్లలకి మెట్స్ ఇంటి పక్క జట్టు. స్టేడియాన్ని 2009లో పూర్తిగా కూల్చేశారు, పక్కనే సిటీ ఫీల్డ్ ఉంది.

అక్టోబర్‌లోకి వెళ్లేముందు ఒక పాత కార్డు చూడాలి. 1968 టాప్స్, 177వ నంబర్, ఇద్దరు మెట్స్ కొత్త పిచర్ల బొమ్మలు ఒకే కార్డు మీద: జెర్రీ కూస్మన్, నోలన్ రయాన్. రయాన్ మూలంగా ఇది చాలా ఖరీదైన కార్డు, ఇక్కడ మనకి కావాల్సింది అది కాదు. ఆ ఇద్దరూ 1969లో మెట్స్‌కి మొదటి వరల్డ్ సిరీస్ గెలిపించిన జట్టులో ఉన్నారు. చివరి మ్యాచ్ చివరి బంతి వేసింది కూస్మన్, ఆ బంతికి క్యాచ్ ఇచ్చి ఔటైన బాల్టిమోర్ బ్యాటర్ పేరు డేవీ జాన్సన్. అవును, 1986లో మెట్స్ మేనేజర్ అతనే. తర్వాత రోజుల్లో కూస్మన్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసినప్పుడు బదులుగా వచ్చినవాళ్లలో ఒకడు ఒరోస్కో. రయాన్‌ని 1971 చివర్లో వదులుకున్నారు, 1986కి అతను హ్యూస్టన్ ఆస్ట్రోస్‌లో ఉన్నాడు, వరల్డ్ సిరీస్‌కి ముందు జరిగే నేషనల్ లీగ్ ఫైనల్లో మెట్స్‌కి ఎదురుగా నిలబడ్డాడు. ఆస్ట్రోస్‌లో అంతకన్నా భయపెట్టినవాడు మైక్ స్కాట్, అతనూ పాత మెట్స్ పిచరే, 1982 డిసెంబర్‌లో డానీ హీప్ అనే ఆటగాడి కోసం ఇచ్చేశారు. స్కాట్ ఆ ఏడాది 306 స్ట్రైకౌట్లు చేశాడు, మెట్స్ మీద రెండు మ్యాచ్‌లు గెలిచాడు, ఏడో మ్యాచ్ జరిగితే అందులోనూ అతనే వేస్తాడు. హీప్ ఇటు మెట్స్ బెంచీ మీద ఉన్నాడు. ఈ పాత కార్డులు దగ్గరుంటే ఆ సిరీస్‌లో ఎదురెదురుగా నిలబడ్డది ఎవరో, ఏ బేరంలో ఎవరు ఎటు పోయారో బల్ల మీద పరిచి చూపించొచ్చు. ఆట మాత్రమే చూసేవాడికి ఇది తోచదు.

అక్టోబర్ 15, హ్యూస్టన్, ఆరో మ్యాచ్. స్కాట్‌ని మళ్లీ ఎదుర్కోవాల్సిన పని లేకుండా ఇక్కడే ముగించాలన్నది మెట్స్ ఆరాటం. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా 3-0తో వెనక, అక్కడ మూడు పరుగులు చేసి సమం. పద్నాలుగులో ఒకటి చేస్తే హ్యూస్టన్ హోమ్ రన్‌తో సమం చేసింది. పదహారులో మూడు చేస్తే వాళ్లు రెండు చేశారు, ఇంకా మనుషులు బేస్‌ల మీద ఉండగా ఒరోస్కో చివరివాడిని స్ట్రైకౌట్ చేశాడు, 7-6. ఆ సిరీస్‌లో మూడు గెలుపులు ఒరోస్కో ఖాతాలోకి వెళ్లాయి.

వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ అక్టోబర్ 25న. బోస్టన్ 3-2తో సిరీస్‌లో ముందుంది, పదో ఇన్నింగ్స్‌లో 5-3 ఆధిక్యం, మెట్స్‌కి ఇద్దరు ఔట్, బేస్‌ల మీద ఎవరూ లేరు. బంతి వేస్తున్నది షిరాల్డి. కార్టర్ ఒక సింగిల్, మిచెల్ ఒక సింగిల్, రెండు స్ట్రైకులు పడ్డాక నైట్ ఒక సింగిల్, 5-4. షిరాల్డిని తీసి బాబ్ స్టాన్లీని తెచ్చారు. మూకీ విల్సన్ పది బంతులు ఎదుర్కొన్నాడు, మధ్యలో ఒకటి క్యాచర్‌కి దొరక్కుండా పోయి మిచెల్ పరుగు పూర్తిచేశాడు, 5-5. పదో బంతిని విల్సన్ నేలబారుగా మొదటి బేస్ వైపు కొట్టాడు, బోస్టన్ ఫీల్డర్ బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి అది వెళ్లిపోయింది, నైట్ పరిగెత్తుకుంటూ వచ్చి గెలుపు పరుగు చేశాడు. రెండు రోజుల తర్వాత ఏడో మ్యాచ్ కూడా 8-5తో మెట్స్ గెలిచారు, చివరి స్ట్రైకౌట్ ఒరోస్కోది, సిరీస్ ఉత్తమ ఆటగాడు నైట్. 1969 చివరి బంతి కూస్మన్‌ది, 1986 చివరి బంతి కూస్మన్‌కి బదులుగా వచ్చినవాడిది.

ఇప్పుడు బక్నర్ 1987 టాప్స్ కార్డు తిప్పి చూడండి. 18 హోమ్ రన్లు, 102 పరుగులు తెప్పించాడు, సగటు .267. ముప్ఫై ఆరేళ్ల వయసులో, చీలమండలు పనిచేయని స్థితిలో, రోజూ గంటల తరబడి ఐస్ కట్టుకుని ఆడి సాధించిన లెక్క అది. కార్డు వెనక లెక్కల్లో రెగ్యులర్ సీజన్ తప్ప అక్టోబర్ ఉండదు. అది లేకపోవడం వల్ల ఆ సెట్ ఛాంపియన్ జట్టుకి సంబంధించి అసంపూర్ణంగా అనిపిస్తుంది, నిజమే. కానీ బక్నర్ విషయంలో మాత్రం ఆ కార్డు పేపర్లకన్నా, టీవీలకన్నా న్యాయంగా ఉంది. ఒక్క బంతి కోసం ఒక మనిషిని ముప్ఫై ఏళ్లపాటు వెంటాడారు, 2,715 హిట్లు కొట్టిన ఆటగాడు 2019లో చనిపోయినప్పుడు కూడా వార్తల్లో ముందు వచ్చింది ఆ బంతే. పైగా అతని దాకా బంతి వచ్చేసరికే స్కోరు సమమైపోయింది. నూట యాభైకి పైగా మ్యాచ్‌ల పని ఒకవైపు, పది సెకన్లు ఒకవైపు పెట్టినప్పుడు కార్డు మొదటిదాన్ని ఎంచుకుంది. గుడెన్ విషయంలో ఇదే పద్ధతి రెండోవైపు పనిచేసింది, ఆ అక్టోబర్‌లో అతను ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, కార్డు ఆ సంగతి చెప్పదు.

1987 టాప్స్ సెట్ చెక్క రంగు అంచులతో వచ్చింది. చూడగానే గుర్తుపట్టే సెట్, లెక్కలేనంతగా అచ్చేశారు. ఛాంపియన్ మెట్స్ ఆ సెట్‌లోనే ఉన్నారు, కానీ అప్పటికి ఆ జట్టు లేదు. ఉత్తమ ఆటగాడు రే నైట్ ఆ కార్డులో మెట్స్ మనిషి, 1987 ఏప్రిల్‌లో ఆడింది బాల్టిమోర్‌కి. ఆరో మ్యాచ్‌లో స్కోరు సమం చేసిన మిచెల్‌ని కెవిన్ మెక్‌రేనాల్డ్స్ కోసం డిసెంబర్‌లోనే శాన్‌డియాగోకి ఇచ్చేశారు, కార్డు మీద మాత్రం మెట్స్. రెండో క్యాచర్ ఎడ్ హెర్న్‌ని సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు కాన్సాస్ సిటీకి పంపి డేవిడ్ కోన్ అనే కుర్ర పిచర్‌ని తెచ్చుకున్నారు, ఆ ఏడాది ట్రేడెడ్ పెట్టెలో కోన్ మెట్స్ కార్డు ఉంటుంది. గుడెన్ డ్రగ్ పరీక్షలో దొరికి ఏప్రిల్ మొదట్లో చికిత్సకి వెళ్లాడు. పిల్లలు ప్యాకెట్లు చించి ఛాంపియన్లని పేర్చుకుంటున్న ఆ వారాల్లోనే ఇదంతా జరిగింది.

సరిగ్గా ఈ కాలంలోనే కార్డుల ఉద్దేశం కూడా మారుతూ వచ్చింది. 1984లో బెకెట్ ధరల పత్రిక మొదలైంది. నెలనెలా ఏ కార్డు ఎంత అని అచ్చులో రాగానే పిల్లలు, పిల్లల వెనక పెద్దలు, కార్డు తిప్పి వెనక చదవడం మానేసి ప్లాస్టిక్ కవర్లో పెట్టడం మొదలుపెట్టారు. గుడెన్, స్ట్రాబెర్రీ మొదటి కార్డులే అప్పట్లో అందరికీ పిచ్చి. 1984 ఫ్లీర్ అప్‌డేట్ సెట్‌లో గుడెన్, రోజర్ క్లెమెన్స్ ఇద్దరి మొదటి కార్డులూ ఉన్నాయి. 1985లో గుడెన్ 24-4, 1986లో క్లెమెన్స్ బోస్టన్‌కి 24-4, సరిగ్గా అదే లెక్క, వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్‌లో ఇద్దరూ ఎదురెదురు. ఇంత మంచి జతని జనం ఆటగా చూసినదానికన్నా పెట్టుబడిగా చూసిందే ఎక్కువ. రేట్లు పెరుగుతాయని కొన్నారు, కంపెనీలు అమ్ముడైనంత అచ్చేశాయి, అందరూ దాచుకున్నారు కాబట్టి ఏదీ అరుదు కాలేదు. 1980ల చివరి నుంచి 1990ల మొదటి దాకా వచ్చిన కార్డుల్లో చాలావాటికి ఈరోజుకీ ధర లేదు. డబ్బు కోసం దాచినవాళ్లకి ఇది నష్టం, సీజన్‌ని చదవాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మేలు లేదు, ఆ మెట్స్ కార్డుల్లో చాలా వాటిని ఇప్పటికీ చిల్లర డబ్బుతో కొనుక్కోవచ్చు.

ఇప్పుడు ఆ ఏడాది ఆలస్యం లేదు. 2016లో టాప్స్ నౌ అని మొదలుపెట్టారు, నిన్న రాత్రి ఎవరైనా గొప్ప హోమ్ రన్ కొడితే తెల్లారేసరికి దాని కార్డు ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఉంటుంది, నిర్ణీత గడువులో ఎన్ని కొంటే అన్నే అచ్చేస్తారు. 2022 జనవరిలో ఫానటిక్స్ సంస్థ టాప్స్ కార్డుల వ్యాపారాన్ని కొనేసింది. 2023 నుంచి ఆటగాళ్లు తమ మొదటి మ్యాచ్‌లో చొక్కా మీద ఒక ప్రత్యేక గుర్తు కుట్టించుకుని ఆడుతున్నారు, తర్వాత ఆ గుడ్డముక్కనే కార్డులో పెట్టి ఒకే ఒక్కటి వదులుతున్నారు. పిట్స్‌బర్గ్ పిచర్ పాల్ స్కీన్స్ కార్డు అలా ఒక పదకొండేళ్ల పిల్లాడికి ప్యాకెట్లో దొరికింది, 2025 మార్చిలో వేలంలో 11 లక్షల డాలర్లు దాటింది.

ఇందులో సంతోషపడాల్సినవి ఉన్నాయి, ఆ ఒక్క రాత్రి కార్డుగా మారి ఇంటికి రావడం చిన్న విషయం కాదు. 1986లో ఇది ఉండి ఉంటే సిన్సినాటి మ్యాచ్‌కి ఒక కార్డు వచ్చేది. కానీ సీజన్‌ని అనుసరించడానికి ఇవి సరిపోవు. వీటిలో వచ్చేవి దాదాపు అన్నీ గెలిచిన క్షణాలు, వెలిగిన ఆటగాళ్లు. ఇంటి ఆల్బమ్‌లో పెళ్లి ఫోటోలు మాత్రమే ఉంచి మిగతావి తీసేసినట్టు ఉంటుంది. 1986 టాప్స్ సెట్‌లో 792 కార్డులు, 26 జట్లు, అంటే ఒక్కో జట్టుకి ఇంచుమించు ముప్ఫై. బెంచీ మీద కూర్చునేవాడికి కూడా కార్డు ఉండేది, బాగా ఆడనివాడి లెక్కలు కూడా స్టార్ లెక్కలంత శ్రద్ధగా అచ్చయ్యేవి. డానీ హీప్‌కి, రఫేల్ శాంటానాకి కార్డు లేకపోతే ఆ జట్టు ఆ జట్టు కాదు. కార్డుల షాపుల్లో వీటిని ‘కామన్స్’ అని పిలిచి ఒక మూల పెట్టెలో పడేస్తారు. ఒక జట్టుని నిజంగా ప్రేమించేవాళ్లు ముందు చెయ్యి పెట్టాల్సింది ఆ పెట్టెలోనే అని నా అభిప్రాయం.

ఎవరికైనా ఒక పాత సీజన్‌ని ఇలా మళ్లీ నడిపించుకోవాలని ఉంటే పని కష్టమేమీ కాదు. రెట్రోషీట్ అనే స్వచ్ఛంద సంస్థ 1989 నుంచి పాత మ్యాచ్‌ల స్కోర్‌కార్డులన్నీ సేకరించి ఉచితంగా పెడుతోంది, 1986 మెట్స్ ఆడిన 162 మ్యాచ్‌లూ అందులో ఉన్నాయి. కార్డుల్ని నంబర్ల వరసలో పెట్టొద్దు, అది కంపెనీ సౌకర్యం కోసం పెట్టిన వరస. జట్టులోకి వచ్చిన తేదీల వరసలో పెట్టండి, ఒకే మనిషివి 1986, 1987 కార్డులు రెండూ పక్కపక్కన, వెనక వైపు పైకి ఉండేలా. ఒక్కో నెల మ్యాచ్‌లు చదివాక ఎవరి లెక్క నిరుటి గీతని దాటుతోంది, ఎవరిది తగ్గుతోంది అని ఊహించి, తర్వాతే 1987 కార్డు తిప్పి చూడాలి. మొదలుపెట్టడానికి మేనేజర్ డేవీ జాన్సన్ 1986 కార్డు తీసుకుంటే చాలు. ఆ ఏడాది మేనేజర్ల కార్డుల వెనక లెక్కలకి బదులు ఆ సెట్‌లో తమ జట్టు ఆటగాళ్లు ఎవరెవరో జాబితా ఇచ్చారు, ప్రతి పేరు పక్కనా గుర్తు పెట్టుకోడానికి చిన్న గడి ఉంటుంది.